తపస్సు మాను మీది ముఖం

నగరి నుంచి తమిళనాడు సరిహద్దు వైపు ఏడు కిలోమీటర్లు వెళ్తే వచ్చే ఒక ఊరికి ఈ జూన్ నెలలో ఐదు రోజుల ప్రయాణం చేసి వచ్చాను. అక్కడ కలిసిన ఒక కుటుంబం కోరినందువల్ల ఊరి పేరు రాయడం లేదు. మిగిలినవన్నీ నా చేతిపుస్తకంలో ఏ రోజువి ఆ రోజు రాసుకున్నవే.

ఆ ఊళ్లో ఏటా పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ధర్మరాజు గుడి ఉన్న చాలా ఊళ్లలో జరిగేదే. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మధ్యలో ఒక రోజు మధ్యాహ్నం అర్జునుడు తపస్సు చేస్తాడు. అందుకోసం బయలులో ఒక తాటిమాను నిలబెట్టి, మెట్లుగా కొయ్యలు దిగగొడతారు. వేషధారి ఒక్కొక్క కొయ్యకు ఒక్కొక్క పద్యం పాడుతూ ఎక్కుతాడు. పైన చిన్న మంచె ఉంటుంది. అక్కడ నిలబడి నాలుగు దిక్కులకూ తిరిగి విభూతి, పూలు, నిమ్మకాయలు కిందికి వేస్తాడు. బిడ్డలు లేని స్త్రీలు తడిచీరలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు.

గణాంకాల ఉద్యోగం నుంచి విరమించాక, ఆరేళ్లుగా నేను ఈ ఉత్సవాల కొలతలు రాసుకుంటున్నాను. ఈ ఊరి మాను నలభై రెండు అడుగులు. కొయ్యలు ఇరవై ఎనిమిది. దాన్ని ఇరవై ఆరేళ్లుగా ఎక్కుతున్నవాడు మునిరత్నం. వయసు అరవై ఒకటి. నగరిలో మరమగ్గాల షెడ్డులో పని. మోకాలు అరిగిపోయినందున ఈ ఏడు ఎక్కేదే ఆఖరు అని గుడి పెద్దలు నిర్ణయించారు. వచ్చే ఏడు మరొకరు ఎక్కుతారు.

మునిరత్నం కళాకారుల పింఛనుకు అర్జీ పెట్టుకోదలిచాడు. గుడి పెద్దల లేఖ, పద్యాలు నేర్పిన వాద్యారు లేఖ, వయసు పత్రం ఉన్నాయి. లేనిది ప్రదర్శనలో ఉన్న ఫోటో. ఇరవై ఆరేళ్లలో జనం తీసినవి చాలానే ఉన్నాయి; అన్నింటిలోనూ మాను కొన మీద ఆవగింజంత మనిషి నల్లగా కనిపిస్తాడు. అర్జీకి గడువు తపస్సు జరిగే శనివారం తరువాతి సోమవారం. ఒక కెమెరా కొని, ముఖం గుర్తుపట్టేటట్లు ఒక్క ఫోటో తీసి ఇస్తానని నేను అతనికి మాట ఇచ్చాను.

తిరుపతి: అద్దాల బల్ల మీద రెండు కెమెరాలు

దేవదానం స్టూడియో రైల్వే స్టేషనుకు నాలుగు వందల అడుగుల దూరంలో ఉంది. ఒకప్పుడు పెళ్లిళ్ల ఫోటోలతో తీరిక లేని మనిషి. ఇప్పుడు పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సు, లామినేషను. గురువారం ఉదయం పదిన్నరకు నేను వెళ్లేసరికి ఒక భక్తుల కుటుంబానికి గుర్తింపు కార్డుల నకళ్లు తీసి ఇస్తున్నాడు.

"ఫోన్ చాలదా సారూ? ఇప్పుడు పెండ్లిండ్లే ఫోన్లో తీస్తా ఉండారు" అన్నాడు.

నా దగ్గరున్న పాత ఫోటో చూపాను. దాన్ని వేళ్లతో పెద్దది చేసి చూసి, "ఇది మనిషా, కాకా?" అని తానే నవ్వి, లోపలి నుంచి రెండు కెమెరాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కొత్తవి ఇప్పుడు దొరకడమే కష్టమట, రెండూ వాడినవే.

మొదటిది నేర్చుకునేవాళ్లు కొనే డీఎస్ఎల్ఆర్. దానితో వచ్చే మామూలు లెన్సు, పద్దెనిమిది నుంచి యాభై ఐదు మిల్లీమీటర్లు. ఇరవై ఒక్క వేల రూపాయలు. రెండవది జేబులో పట్టే కాంపాక్టు. ముప్పై రెట్లు దగ్గరికి లాగుతుంది. పదకొండు వేల ఐదు వందలు. ఫోటో మూల మీద తేదీని తానే అచ్చు వేస్తుంది. మొదటిదానిలో ఆ సౌకర్యం లేదు.

నేను మాటల మీద నిర్ణయం తీసుకోలేదు. మాను మొదటికి అరవై అడుగుల దూరంలో నిలబడితే, నలభై రెండు అడుగుల ఎత్తున ఉన్న మనిషి ముఖానికి ఏటవాలు దూరం డెబ్భై మూడు అడుగులు వస్తుంది. స్టూడియో ఎదుటి లాడ్జి మేడ ఇంచుమించు అంత ఎత్తు. టేపు పట్టి వీధిలో ఆ స్థలం గుర్తు పెట్టుకుని, లాడ్జి కాపలాదారును పిట్టగోడ దగ్గర నిలబడమని కోరాను.

"ఎంతసేపప్పా? ఈడ కాళ్లు కాల్తా ఉండాయి!" అని అతను పైనుంచి అరిచాడు.

"నగు అబ్బా, నగు! సారు కొలతేస్తా ఉండాడు" అని దేవదానం కింద నుంచి అరిచాడు.

రెండింటితోనూ తీసి, ఆరు అంగుళాల కాగితం మీద అచ్చు వేయించి, స్కేలుతో కొలిచాను. డీఎస్ఎల్ఆర్ ఫోటోలో ముఖం నాలుగు మిల్లీమీటర్లు. కాంపాక్టును సగం లాగి తీసినదానిలో పదహారు మిల్లీమీటర్లు. కాపలాదారు మీసం వెంట్రుకలతో సహా కనిపించింది.

దేవదానం ఒప్పుకోలేదు. "సారూ, పెద్దదాంట్లో ముఖం చిన్నదిగా వచ్చినా లోపల సరుకుంటాది. దాన్ని కోసి పెద్దది చేయొచ్చు, నీడలో ఉండే ముఖాన్ని పైకి తేవొచ్చు. చిన్నదాని కన్ను చిన్నది. వెనకాల ఆకాశం తెల్లగా మెరస్తా ఉంటే అది ఆకాశాన్నే సూస్తాది, మనిషిని సూడదు."

"సూర్యుడు నా వీపు వెనుక ఉండేటట్లు నిలబడతాను. మూడున్నరకు సూర్యుడు పడమర. నేను మానుకు పడమటి వైపు ఉంటాను."

"ఆ తావు మీకిస్తారా?"

"బయలు అందరిదీ. ముందుగా వెళ్లి గుర్తు పెట్టుకుంటాను."

 పదహారు నాలుగు కంటే పెద్దది. తేదీ అచ్చు పడటం పడకపోవడం కంటే మేలు. కాంపాక్టు కొన్నాను.

పుత్తూరు మీదుగా

శుక్రవారం ఉదయం ఆరుంపావు బస్సు. నా పక్క సీటులో యాభై దాటిన ఒక స్త్రీ, కిటికీ దగ్గర ఆమె కోడలు. పుత్తూరులో ముంజేతికి పచ్చటి ఆకుకట్టుతో ఒకాయన ఎక్కాడు. ఎముక విరిగితే మదరాసు నుంచి కూడా పుత్తూరు వచ్చి కట్టు కట్టించుకునే అలవాటు నేటికీ పోలేదు. ఎన్ని రోజుల్లో అతుకుతుందని అడిగాను. "మూడు కట్లు సారూ" అన్నాడు. అక్కడ రోజులు లెక్కపెట్టరు, కట్లే లెక్కపెడతారు.

నేను కెమెరా తీసి తేదీ, సమయం సరిచేస్తుంటే పక్కనున్నామె చూసింది.

"ఎవుర్ది నాయనా అది, మనవడిదా?"

"నాదే."

"ఈ వయసులో ఎవుర్ని తీస్తావు?"

"అర్జునుణ్ణి."

ఆమె బస్సంతా వినపడేటట్లు నవ్వింది. "సూడే భాగ్యా, ఈయన అర్జునుణ్ణి తీస్తాడంట! మేమూ ఆడికే నాయనా." తరువాత గొంతు తగ్గించింది. కోడలికి పెళ్లయి ఎనిమిదేళ్లు. కొడుకూ కోడలూ శ్రీ సిటీలో వేర్వేరు ఫ్యాక్టరీల్లో పని చేస్తారు. "ఇది తెల్లారకముందే బస్సెక్కాల, వాడు వచ్చేటప్పటికి ఇది పోతాది. ఆస్పత్రులకు తిరగతానే ఉండారు. నేను బలవంతం పెట్టలే. దానంతట అదే పోదామనె."

భాగ్య అంతవరకు కిటికీలోంచే చూస్తూ ఉంది. నగరి దగ్గర పడుతుండగా ఒక్క ప్రశ్న అడిగింది.

"సార్, మీ ఫోటోల్లో మేము కూడా పడతామా? మాను కింద పొణుకోని ఉండేటప్పుడు?"

"లేదమ్మా. నా గురి పైకే."

"మా ఫ్యాక్టరీ లైన్లో పిల్లోళ్లు సూస్తే నగతారు. అందుకని అడిగినాను."

మీ ముఖాలు నా కెమెరాలో రావని మాట ఇచ్చాను. ఊరి పేరు రాయవద్దని కోరిన కుటుంబం వీరిదే.

నగరి: ఒక కొయ్య, ఒక పద్యం

నగరి హోటళ్లలో ఉదయం ఇడ్లీకి వడకర్రీ పోస్తారు. పప్పు వడలను చిదిపి మసాలాలో ఉడికించే తమిళ వంట. తిరుపతిలో ఇడ్లీకి చట్నీ, సాంబారు ఇచ్చి ఊరుకుంటారు. ఇక్కడ వడకర్రీ లేదంటే లేచి పక్క హోటలుకు పోతారు. నాలుగు ఇడ్లీలు, వడకర్రీ నలభై రూపాయలు. సర్వరు ఒక బల్లతో తెలుగు, పక్క బల్లతో తమిళం మాట్లాడుతూ ఎక్కడా తడబడలేదు.

మునిరత్నం పనిచేసే షెడ్డులో పన్నెండు మగ్గాలు. లోపలికి అడుగుపెడితే మాట వినపడదు. అతను నన్ను చూసి మగ్గం ఆపాడు. మిగిలిన పదకొండూ ఆగలేదు. ముప్పై ఏళ్లు ఆ చప్పుడులో గడిపి అతని చెవులు చాలావరకు పోయాయి. పెదవులు చూసి మాట గ్రహిస్తాడు. లేదా చెవిలో అరవాలి. బయటికి వచ్చి సున్నం రాలిన గోడ నీడన కూర్చున్నాము. అతని భార్య సెల్వి అదే షెడ్డులో నూలు కండెలు చుడుతుంది. మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"పైనుంటే ఈయనకు అంతా వినిపిస్తాది సార్. కింద ఎవురు గోవిందా అన్నారు, ఎవురు అన్లేదు, వచ్చి నాకు చెప్తాడు. ఇంట్లో ఉప్పు తెమ్మంటే మాత్రం వినపడదు."

అతను ఆమె పెదవులు చూసి, "ఉప్పు మొన్ననే తెస్తి కదే" అన్నాడు.

నేను కెమెరా చూపి, పదహారు మిల్లీమీటర్ల లెక్క కాగితం మీద రాసి చూపాను. అతను కాగితం కంటే ఆ కాపలాదారు ఫోటోనే ఎక్కువసేపు చూశాడు.

"ఇట్ల వస్తే సాలన్నా. నా మనవరాలు అడగతాది, తాతా నువ్వు యాడుండావు ఇందులో అని. ఆ నల్ల సుక్కే నేను అంటా. నమ్మదు."

మోకాలు గురించి అడిగాను. తడిమి చూపాడు. వాచి ఉంది. మూడు నెలలుగా మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడట.

"ఎట్లా ఎక్కుతావు మరి?"

"పైకి సూడను, కిందికి సూడను. కొయ్యను సూస్తా. ఒక కొయ్య, ఒక పద్యం. పద్యం అయిపోయేటప్పటికి ఇంగో కొయ్య చేతి కింద ఉంటాది."

ఆ ఊళ్లో మాను ఎక్కేవాడు రాత్రి నాటకంలో వేషం కట్టడు. నాటకానికి బయటి నుంచి వేరే బృందం వస్తుంది. మాను ఎక్కడం ఊరివాడి మొక్కు. ముందు రోజు సాయంత్రం అతని ముంజేతికి కంకణం కడతారు. అది ఉన్నంతసేపే అతను అర్జునుడు. మాను దిగి గుడిలోకి వెళ్లగానే కంకణం విప్పి, కిరీటం పెట్టెలో పెట్టేస్తారు. మళ్లీ వచ్చే ఏడు వరకు దాన్ని ఎవరూ తాకరు. శుక్రవారం సాయంత్రం ఊరి గుడిలో ఆరు గంటల పది నిమిషాలకు మునిరత్నం చేతికి కంకణం కట్టారు. నేను పక్కనే ఉన్నాను.

మాను దగ్గర

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకే బయలుకు వెళ్లి, మానుకు పడమటగా అరవై అడుగులు టేపుతో కొలిచి, గుప్పెడు సున్నంతో గుర్తు పెట్టాను. చలివేంద్రంలో బెల్లం పానకం ఇస్తున్నారు. తిరుపతిలో దానిలో ఏలకులు వేస్తారు. ఇక్కడ శొంఠి ఘాటు ఎక్కువ.

రెండు గంటలకు గుడి వెనుక గదికి వెళ్లాను. వాద్యారు మునిరత్నం ముఖానికి అర్దళం పూయడం ముగించాడు. పసుపు కలిసిన ఆ పొడి రంగు మీద నామం, కనుబొమల నల్లని గీతలు తడి ఆరకుండా మెరుస్తున్నాయి. చెక్క కిరీటం పెట్టారు. కిటికీ వెలుతురు ఒక చెంప మీద పడి, ఆ ముఖం చాలా స్పష్టంగా ఉంది. అతను నా చేతిలోని కెమెరాను చూసి, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు.

"ఇప్పుడొకటి తీ అన్నా. రంగు కారకముందే."

నేను తీయలేదు. అతని చెవి దగ్గర వంగి చెప్పాను: "రంగు ఎవరైనా పూసుకోగలరు మునిరత్నం. ఇది రంగుకు మాత్రమే రుజువు. నువ్వు పైన ఉన్నప్పుడు తీసినదే నీకు రుజువు."

అతను సరే అన్నట్లు తల ఊపాడు. ఆ గదిలో ఒక్క మీట నొక్కడానికి ఒక క్షణం పట్టేది. ఈ ప్రయాణంలో నేను చేసిన తప్పు అదే. అప్పుడు నాకది తప్పుగా తోచలేదు.

మూడు గంటలకు డప్పులు మొదలయ్యాయి. బోరు దగ్గర తలల మీద నీళ్లు పోయించుకున్న స్త్రీలు వరుసగా వచ్చారు. బోరు పడమటి వైపు ఉన్నందువల్ల వారందరూ ఆ వైపు నుంచే వచ్చి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బోర్లా పడుకున్నారు. నేను లెక్కించినంతవరకు నలభై ఒకరు. నా సున్నపు గుర్తు మీద చాచిన రెండు చేతులు వచ్చి ఆగాయి. అవి భాగ్యవి. ఆమె నన్ను చూడలేదు. నుదురు నేలకు ఆన్చి ఉంది. అత్త పక్కన నిలబడి, ఆ తల మీద ఎండ పడకుండా తన కొంగు చాపింది.

"మొగోళ్లందరూ అవతలికి! తూర్పుకు పోండప్పా, తూర్పుకు! పొణుకున్నోళ్లను దాటగూడదు!" అని గుడి మనిషి కర్ర అడ్డం పట్టి అందరినీ జరుపుతున్నాడు.

ఆ స్థలాన్ని నేను కొలిచి గుర్తు పెట్టుకున్నానని ఎవరితో చెప్పగలను? ఎవరిని లేవమనగలను? జనంతో పాటు తూర్పుకు వెళ్లాను. సూర్యుడు నా కళ్లకు ఎదురయ్యాడు.

మూడు గంటల పన్నెండు నిమిషాలకు మునిరత్నం మొదటి కొయ్య మీద కాలు పెట్టాడు. ఎక్కేటప్పుడు ముఖం మానుకే ఆని ఉంటుంది. తీయడానికి వీలు లేదు. చెవులు సరిగా వినపడని మనిషి కనుక అతని గొంతు మృదంగం వాయించేవాణ్ని పట్టించుకోదు; పద్యం అతని లెక్క ప్రకారం సాగుతుంది, వాయిద్యమే దాని వెంట పోవాలి. పదకొండో కొయ్య దగ్గర ఎడమ మోకాలు నిలవలేదు. కాలు జారి, రెండు చేతుల మీద వేలాడాడు. కింద అందరూ ఒక్కసారిగా అరిచారు. అతను పద్యం ఆపలేదు. అదే పద్యపాదాన్ని మళ్లీ మొదటి నుంచి పాడి, కాలు కొయ్య మీద పెట్టుకున్నాడు. నా పక్కనున్న సెల్వి కళ్లు మూసుకుని, "ఎక్కినాడా? ఎక్కినాడా సార్?" అని అడుగుతూనే ఉంది.

నాలుగు గంటల ఇరవై రెండు నిమిషాలకు మంచె మీద నిలబడ్డాడు. నేను కెమెరా ఎత్తాను. తెర మీద నా తెల్లచొక్కా ప్రతిబింబం తప్ప ఏమీ కనిపించలేదు. చేయి అడ్డం పెట్టి చూస్తే, మెరిసే ఆకాశం, దాని మధ్య ఒక నల్లని ఆకారం. తల వంచి, మెనూలో వెలుతురు పెంచే చోటు వెతికాను. గడియారం ప్రకారం రెండు నిమిషాలు పట్టింది. తల ఎత్తేసరికి అతను తూర్పుకు, అంటే నా వైపుకే తిరిగి, నిమ్మకాయలు వేస్తున్నాడు. వెలుతురు కొంచెం కొంచెం పెంచుతూ పద్దెనిమిది ఫోటోలు తీశాను. అతను ఉత్తరానికి, పడమటికి తిరిగాడు. పడమటికి తిరిగినప్పుడు ఎండ పూర్తిగా అతని ముఖాన పడి ఉంటుంది. ఆ ముఖాన్ని చూడవలసినవారు నేలకు నుదురు ఆన్చి ఉన్నారు.

ఒక నిమ్మకాయ భాగ్య మోచేతికి తగిలి ఆగింది. ఆమె తల ఎత్తకుండానే చేయి చాచి దాన్ని పట్టుకుంది. కెమెరాను అటు తిప్పలేదు.

అతను దిగగానే దుప్పటి కప్పి, నేరుగా గుడిలోకి తీసుకుపోయారు. ఐదు గంటల ముప్పై ఐదుకు కంకణం విప్పారు.

ఆదివారం, నగరిలో

నగరిలో ఒక చిన్న స్టూడియోలో కంప్యూటరు మీద పద్దెనిమిదీ చూశాను. పన్నెండింటిలో అతను బొగ్గులా ఉన్నాడు. వెలుతురు బాగా పెంచి తీసిన ఆరింటిలో ఆకాశం తెల్లకాగితమై, ముఖం ఉండవలసినచోట బూడిదరంగు మరక. స్టూడియో అతను ఎంత సరిచేసినా ఆ మరకలో కన్ను గాని, ముక్కు గాని తేలలేదు. పెద్ద కెమెరా తెచ్చి ఉంటే తేలేవేమో అన్నాడు. తిరుపతిలో దేవదానం చెప్పినదీ అదే. రెండు కెమెరాల మధ్య ఎంచుకోవలసిన పాఠకులకు నేను చెప్పగలిగేది ఇంతే: ముఖం ఎంత పెద్దగా వస్తుందో నేను కొలిచాను, దాని మీద వెలుతురు ఎటునుంచి పడుతుందో నా చేతిలో ఉందనుకున్నాను.

ఉన్నంతలో మెరుగైనది అచ్చు వేయించాను. మూలలో తేదీ మాత్రం చక్కగా పడింది.

మునిరత్నం ఆ రోజు కాలు కదపలేక ఇంట్లో మంచం మీదనే ఉన్నాడు. ఫోటో చేతికిచ్చి, ముఖం రాలేదని చెవిలో చెప్పాను. చాలాసేపు చూశాడు.

"నేనే ఇది. ఎడంకాలు సూడు, నొప్పికి వంచుకోనుండా" అన్నాడు. సెల్వి దాన్ని తీసుకుని అర్జీ కాగితాల సంచిలో పెట్టింది. ఆ పూట రాగిసంగటి, శెనక్కాయల పచ్చడి పెట్టింది. 

చిత్తూరు

జిల్లాలు విడిపోయాక పుత్తూరు తిరుపతిలోకి పోయింది, నగరి చిత్తూరులోనే ఉంది. అందువల్ల అర్జీ చిత్తూరులో ఇవ్వాలి. సోమవారం మునిరత్నం నా భుజం పట్టుకుని బస్సెక్కాడు. పదకొండు నలభైకి ఆఫీసు చేరాము. అర్జీలు తీసుకునే ఆమెకు నలభై ఏళ్లుంటాయి. కాగితాలన్నీ ఓపికగా చూసి, చివరికి ఫోటో దగ్గర ఆగింది.

"ముఖం లేదు కదా సార్."

జరిగినది చెప్పాను. ఆమె మధ్యలో ఆపి అడిగింది: "మేకప్ రూములో తీసింది ఒకటి ఇయ్యండి, సాలు. అందరూ అట్లాంటివే పెట్టినారు."

 అటువంటిది లేదని చెప్పాను. నేను తీయలేదని కూడా చెప్పాను.

"అయితే ఒక పని చేయండి. ఈడ డ్రామా సామాన్లు బాడిగకిచ్చే అంగడి ఉండాది. కిరీటం పెట్టుకోని, రంగు పూసుకోని, పక్కన స్టూడియోలో దిగేసి రండి. ఐదు దాకా తీసుకుంటాము. అరగంట పని."

మునిరత్నం మా ఇద్దరి పెదవులను మార్చి మార్చి చూస్తున్నాడు. అతని చెవిలో అంతా చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"కంకణం ఇప్పేసినారు కదా. ఇంగ కిరీటం పెట్టుకుంటే అది ఏశం. నేను ఇరవై ఆరేండ్లు ఏశం కట్టలేదన్నా."

"బాడిగ కిరీటమే కదప్పా, గుడిది కాదు కదా" అంది ఆమె, గట్టిగా.

"ఏదైనా నెత్తి నాదే కదమ్మా."

నేను అతన్ని బయటి వరండాలోకి తీసుకుపోయాను. ఎదురుగా నిలబడి, నా పెదవులు కనిపించేటట్లు నెమ్మదిగా చెప్పాను. "శనివారం నువ్వు అడిగినప్పుడు నేను తీసి ఉండవలసింది. తప్పు నాది. నా తప్పుకు నువ్వు పింఛను పోగొట్టుకోవద్దు. ఇప్పుడు తీయించుకుందాం, రా."

అతను వాచిన మోకాలి మీద చేయి వేసుకుని వరండా అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ పొద్దు నువ్వు వొద్దన్నింది నాకు బాగుండె అన్నా. ఇన్నేండ్లకు ఒక మనిషి, రంగు వొద్దు, ఎక్కిందే కావాలన్నాడే అనుకుంటి. కాలు జారినప్పుడు అదే తల్సుకున్నా. ఇప్పుడు నువ్వే రంగు పూసుకోమంటే ఎట్లన్నా?"

మేము మళ్లీ లోపలికి వెళ్లాము. ఉన్న ఫోటోతోనే అర్జీ తీసుకోమని అడిగాను. ఆమె ఫోటోను అర్జీ మీద పెట్టింది.

"తీసుకుంటాను. ఒప్పుకునేదీ ఒప్పుకోనిదీ పైవాళ్ల ఇష్టం. కానీ ఇందులో ఉండేది ఈయనే అని చూసినోళ్లు ఒకరు రాసి సంతకం పెట్టాల. మీరు రాస్తారా?"

తెల్లకాగితం అడిగి తీసుకున్నాను. నా పేరు, వయసు, చేసిన ఉద్యోగం. మాను ఎత్తు, కొయ్యల సంఖ్య. మొదటి కొయ్య మీద కాలు పెట్టిన సమయం, మంచె మీద నిలబడిన సమయం. జత చేసిన ఫోటోలో ఉన్నది మునిరత్నమే అని, అతను ఎక్కినప్పటి నుంచి దిగేవరకు, కెమెరా సరిచేసుకుంటూ తల వంచిన రెండు నిమిషాలు మినహా, నేను కళ్లారా చూస్తూనే ఉన్నానని రాశాను.

ఆమె చదివి కలం కొన ఆ చోట పెట్టింది. "ఈ మినహా ఎందుకు సార్? ఇది సూస్తే పైన పక్కన పడేస్తారు. కొట్టేయండి."

"చూడనిది చూశానని రాయలేనమ్మా."

"రెండు నిమిషాలే కదా!"

"రెండు నిమిషాలు చూడలేదు."

ఆమె నన్ను వదిలి మునిరత్నం వైపు తిరిగింది. బల్ల మీదుగా వంగి, వరండాలో ఉన్నవాళ్లందరికీ వినపడేటట్లు అరిచింది: "అప్పా, నువ్వు పైనున్నప్పుడు ఈ సారు రెండు నిమిషాలు నిన్ను సూడలేదంట! అది కూడా రాసినాడు!"

మునిరత్నం ఆమె పెదవులను చూశాడు. తరువాత నన్ను చూశాడు. అతని ముఖంలో నవ్వు గాని, కోపం గాని లేవు.

"ఆ రెండు నిమిషాలూ పైనే ఉండానన్నా. యాడికి పోతాను?"

నేను కలం తీసుకున్నాను. ‘మినహా’ వరకు ఉన్న ఆ ఏడు మాటలను కొట్టివేసి, పక్కన పొట్టి సంతకం చేసి, తేదీ వేశాను.